లెక్క తప్పని మనిషి

పరుపుల కొట్టు, పై వాటా
మార్చి, ఆదివారం

చిరంజీవి మరదలికి,

చిరంజీవి అని రాయడం అలవాటు కాబట్టి రాశాను. మనసులో ఉన్నది రాస్తే పోస్టు వాళ్ళు కూడా ఈ కవరు ముట్టుకోరు. ఫోను చేస్తే కట్ చేస్తున్నావు. కాగితాన్ని అలా కట్ చెయ్యలేవు కదా. చింపుకుంటే చింపుకో, కానీ చదివి చింపుకో.

అసలు నేను చేసిన తప్పేమిటి? వచ్చే నెల నుంచి నాన్న మీ ఇంట్లో ఉండబోతున్నాడు. మా మెట్లు నిచ్చెనలా ఉంటాయి, ఆయన మోకాళ్ళు ఇక వాటిని ఎక్కలేవు. మీ ఇంట్లో కింద గది ఖాళీగా ఉంది. ఇది అందరం కూర్చుని, నువ్వు కూడా తల ఊపి, అనుకున్న మాట. మారే ముందు ఒకసారి కోడలు ఉద్యోగం చేసే చోటు చూపిద్దామని కోటకు తీసుకొచ్చాను. మీ పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆ కోట మెట్టెక్కలేదు. ఎప్పుడు రమ్మన్నా "రాళ్ళేం చూస్తాంలే" అనేవాడు. నేనే బతిమాలి, టిక్కెట్లు కొని, నీకు చెప్పకుండా నీ గుంపులోనే వెనకగా నిలబెట్టాను. నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆశ్చర్యపోవడం మా వంతయింది.

రాజుగారి దర్బారు, రాణి గారి జాలీ కిటికీలు, ఏనుగులు దూరే వాకిలి, అన్నీ బాగానే చెప్పావు. నోరున్న దానివి, ఆ సంగతి మాకు కొత్త కాదు. తర్వాత జైలు. రాజులు పోయాక ఆ గదుల్నే జైలు చేశారని, ఆ జైలూ మూతపడ్డాక టిక్కెట్టు పెట్టారని చెప్పావు. ముంగిట్లోకి తీసుకెళ్ళి అందరినీ వరసగా గొంతుక్కూర్చోబెట్టావు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకోమన్నావు. ఖైదీలను ఇలాగే కూర్చోబెట్టి లెక్కపెట్టేవాళ్ళన్నావు. నాన్న కూర్చోలేడు కాబట్టి గోడ పక్కన నిలబడ్డాడు. నువ్వు తాళాల గుత్తి పట్టుకుని, ధాన్యం కొలిచేవాళ్ళు ఒకటి అనకుండా లాభం అంటారే, అలాగే "లాభం, రెండు, మూడు" అంటూ ఒక్కొక్కళ్ళ నెత్తి మీద తట్టుకుంటూ పోయావు. ఒక వార్డరు మనుషుల్ని అలా లెక్కపెట్టేవాడని, ఖైదీలు వాడికి లాభంగాడని పేరు పెట్టారని చెప్పావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాన్న ఇంట్లో గిన్నెలు లెక్కపెట్టినా లాభం అనే మొదలెడతాడు, గోదాములో గుమాస్తాగా చేసిన మనిషాయె.

అప్పుడు నాన్న "అటు నుంచి కాదమ్మా, గోడ వైపు నుంచి" అన్నాడు. నీ చేతిలో గుత్తి తీసుకుని తనే లెక్కపెట్టి చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోటో కూడా తీశారు. ముసలాయన కాస్త సరదాపడ్డాడు, అంతేగా?

దానికి నువ్వేం చేశావు! నీ మొహం సున్నం కొట్టినట్టయింది. గుత్తి లాక్కుని, అంతమందిలో, మామగారిని, "బయటికి నడవండి" అన్నావు. నాకు తల కొట్టేసినట్టయింది. టిక్కెట్ల కిటికీ పక్కన ఎండలో నిలబడ్డాం. మీ ఇంటికి వస్తే లోపల గడియ పెట్టుకున్నావు. నీ మొగుడు, అంటే నా తమ్ముడు, ఆ నోట్లో నాలుక లేనివాడు, వీధిలో నిలబెట్టి మాకు టీ ఇచ్చాడు. కన్న తండ్రికి వీధిలో టీ!

నువ్వు వచ్చి నాన్నకు క్షమాపణ చెప్పాలి. ఎందుకలా చేశావో కూడా చెప్పాలి.

వదిన


గైడ్ల గది, కోట
మార్చి

వదినగారికి నమస్కారాలు.

ఉత్తరం చింపలేదు. గైడ్లందరికీ ఉన్నది ఒకటే బల్ల. దాని మీద తలా ఒక టిఫిన్ డబ్బా, పాడైపోయిన మైకు, గొడుగులు. వాటిని పక్కకు తోసి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి. మాటలు మాత్రం వంకరగా ఉండవు.

మామగారు సరదాపడ్డారని రాశారు. లెక్క గోడ వైపు నుంచి మొదలయ్యేదని నేను ఏ టూరిస్టుకూ చెప్పను. నేను తలుపు వైపు నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అటు వెలుతురుంటుంది, వాళ్ళ ఫోటోలు బాగా వస్తాయి. అసలు పద్ధతి గోడ వైపు నుంచేనని నాకు చెప్పింది ఇక్కడ ఖైదు అనుభవించి బయటపడ్డ మంగలి తాత. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆ వార్డరు తాళాలు చప్పుడు కాకుండా గుత్తిని పిడికిట్లో బిగించి, ఒక్క పొడుగు తాళం కొస మాత్రం బయటికి పెట్టేవాడట. తల దించుకున్నవాళ్ళకు తను ఎంత దగ్గరికి వచ్చాడో తెలియకూడదని. ఆ కొసతో నెత్తి మీద ఒక్కటి ఇచ్చేవాడట. ఇది కూడా నేను ఎవరికీ చూపించను. చంటి పిల్లలతో వస్తారు, చూపించలేను.

మామగారు నా చేతిలో గుత్తి తీసుకోగానే అలాగే పట్టుకున్నారు. ఆలోచించి పట్టుకోలేదు. మనం చెంచా పట్టుకున్నట్టు పట్టుకున్నారు. గోదాములో బియ్యం బస్తాలు తల ఎత్తి చూస్తాయా వదినగారూ, అంత జాగ్రత్తపడటానికి?

మా నాన్న సంగతి మీకు తెలిసిందే, అయినా మరిచిపోయినట్టున్నారు కాబట్టి మళ్ళీ రాస్తాను. మిల్లు సమ్మెలో పట్టుకెళ్ళి ఈ కోటలోనే పడేశారు. అప్పటికి నేను అమ్మ కడుపులో ఉన్నాను. జైల్లో విషజ్వరాలు వచ్చాయి, పోయాడని కబురొచ్చింది. మనిషిని ఇవ్వలేదు. పోయినవాళ్ళను ఉత్తరం గోడ అవతల దిబ్బలో ఎక్కడ పడితే అక్కడ పూడ్చేశారు. గుర్తు లేదు, కాగితం లేదు. అమ్మ బతికినంత కాలం అడిగింది ఒకటే. "ఆయన్ని ఎక్కడ పెట్టారో కనుక్కోవే, ఒక్కసారి ఆ మట్టి ముట్టుకుంటాను" అని. ముట్టుకోకుండానే పోయింది. నేను ఈ ఉద్యోగంలో చేరింది రాణుల కిటికీలు చూపించడానికి కాదు.

ఇన్నేళ్ళు నేను వెతికిన ఆ వార్డరు మా ఇంట్లోనే పెళ్ళిపెద్దగా నిలబడి ఉన్నాడని నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. లెక్క తప్పని మనిషి అని మీరే ఎన్నోసార్లు గొప్పగా చెప్పారు. ఆయనకు గుర్తుంటుంది. మా నాన్నను ఎక్కడ పెట్టారో ఆయన చేత చెప్పించండి. చెప్పిన రోజున కింద గది తలుపు తీస్తాను. అందాకా దాని తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

ఎండలో నిలబెట్టినందుకు నాకేం బాధ లేదు.

మీ మరదలు


పరుపుల కొట్టు, పై వాటా
ఏప్రిల్

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాక అరికాలి మంట నెత్తికెక్కింది. కింద దూది ఏకే మిషను తిరుగుతోంది, ముక్కు నిండా దూది, ఒక పెద్ద పరుపుకు కుట్లు వెయ్యాలి, సూది చేతిలో పట్టుకునే నీకు జవాబు రాస్తున్నాను. సూది గుచ్చుకుంటే నీ పుణ్యమే.

మా నాన్న గోదాములో గుమాస్తా. అమ్మ అదే చెప్పింది, ఆయనా అదే చెప్పాడు, మేము బళ్ళో అదే రాశాం. తాళాల గుత్తి గోదాము గుమాస్తా దగ్గర ఉండదా? తలుపు వైపు నుంచో గోడ వైపు నుంచో లెక్కపెడితే మనిషి హంతకుడైపోతాడా? ఎవడో ముసలి మంగలి చెప్పిన కాకమ్మ కబుర్లు పట్టుకుని నిన్నూ నీ పిల్లల్నీ కళ్ళల్లో పెట్టుకుని చూసిన మనిషికి జైలు టోపీ పెడుతున్నావు. నీ కాన్పుకు నెల రోజులు ఆస్పత్రి బెంచీ మీద పడుకున్నది ఎవరు? నా తమ్ముడా? వాడు రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడతాడు. నాన్నే.

ఒక్క మాట అడుగుతాను. మీ నాన్న చావును రోజుకు మూడు ఆటలు వేసి చూపిస్తున్నావు కదా, నీకు సిగ్గనిపించదా? ఆ రోజు మమ్మల్ని బయటికి పంపాక, వాకిట్లో నువ్వు ఆట ముగించడం టిక్కెట్ల కిటికీ దగ్గర నుంచి నేను చూశాను. "ఆ ఖైదీ కూతుర్నే మీతో మాట్లాడుతున్నాను" అని చివర్లో గొంతు వణికించావు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత నీతో ఫోటోలు దిగారు, నువ్వు కొంగు సర్దుకుని మరీ నిలబడ్డావు. పోయిన మనిషిని అలా బజార్లో పెట్టుకునేది నువ్వు. మాకు నీతులు చెప్పకు.

నా తమ్ముడికి ఏం నూరిపోశావో, ఫోను చేస్తే "అక్కా, నన్ను మధ్యలోకి లాగకు" అంటాడు. మధ్యలో కాక ఇంకెక్కడున్నాడు వాడు? పుట్టిన దగ్గర్నుంచీ మధ్యలోనే ఉన్నాడు.

నాన్న ఆ రోజు నుంచి సరిగా తినడం లేదు. మెట్లు దిగుతుంటే నాకు గుండె దడ. ఆయన ఆ మెట్ల మీద పడితే ఆ పాపం నీదే. గది తెరువు.

వదిన


గైడ్ల గది, కోట
ఏప్రిల్

వదినగారికి,

మా పెళ్ళి ఫోటో పట్టుకుని మంగలి తాత దగ్గరికి వెళ్ళాను. ఎవరి ఫోటో అని చెప్పలేదు. ఏమీ అడగలేదు. చూడమన్నానంతే. అందరి మొహాలూ దాటుకుంటూ వెళ్ళి, ఓ మూల నిలబడ్డ మామగారి దగ్గర ఆగిపోయాడు. చెయ్యి తన నడినెత్తికి పోయింది. అక్కడ జుట్టు మొలవని చోటు ఒకటుంది. దాన్ని తడుముకుంటూ "ఇంకా ఉన్నాడా?" అన్నాడు.

ఆ పెళ్ళి రోజున మామగారు నా తల మీద చెయ్యి పెట్టి దీవించారు. అదే చెయ్యి.

ఇక గోదాము కబుర్లు చాలు. ఆస్పత్రి బెంచీ మీద పడుకున్నారు, నిజమే, నేను మరిచిపోలేదు. అందుకే ఇంకా ఉత్తరాలు రాస్తున్నాను, లేకపోతే ఇంకో పని చేసేదాన్ని. ఆ పని కూడా చెప్తాను వినండి. ఆయన మొహం ఒక్కటే పెద్దది చేయించి ముంగిట్లో గోడకు తగిలిస్తాను. లాభంగాడు బతికే ఉన్నాడు, ఫలానా పరుపుల కొట్టు పై వాటాలో కూతురు వండి పెడుతుంటే తింటున్నాడు అని మూడు ఆటల్లోనూ చెప్తాను. ఆటలు వేసి చూపిస్తున్నానన్నారుగా, అలాగే కానివ్వండి.

చోటు చెప్పించండి. నాకు ఇంకేమీ వద్దు.

మరదలు


పరుపుల కొట్టు, పై వాటా
మే

అమ్మాయీ,

నువ్వు గెలిచావు. సంతోషమేనా?

నాన్నను అడిగాను. రెండోసారి అడిగితే "చేశాను. ఉద్యోగమిచ్చారు, చేశాను" అన్నాడు. అమ్మకు తెలుసట. జైలు మూసేశాక ఊరు మారారు. వార్డరంటే జనం పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళు కాదట, పిల్లల్ని ఆడుకోనిచ్చేవాళ్ళు కాదట, అందుకని గోదాము అని చెప్పుకున్నారు. నేను ఇంత వయసొచ్చాక, నా తండ్రి ఎవరో నా మరదలి ఉత్తరం చదివి తెలుసుకున్నాను. నీకు ఇంతకంటే ఏం కావాలి?

నువ్వడిగిన చోటు కూడా రాస్తున్నాను. ఉత్తరం గోడ అవతల పడిపోయిన బురుజు ఉందట కదా. దాని అడుగున పాత నీళ్ళ తొట్టి. తొట్టికి ఎడమ పక్కన. అక్కడే మీ నాన్న.

ఇక ఇందులో అడగాల్సిందీ చెప్పాల్సిందీ ఏమీ లేదు. ఆయన్ని కూర్చోబెట్టి వివరాలు లాగొద్దు. ఆయన ఆరోగ్యం బాగాలేదు, ఆ మాటెత్తితే రెండు రోజులు మంచం దిగడు. నీ మాట నువ్వు నిలబెట్టుకో. గది కడిగించు. తమ్ముడిని పంపించు. ఆ ఫోటో గీటో ఏదైనా గోడకెక్కిందని విన్నానంటే ఈ పరుపుల కొట్టు కత్తెర పట్టుకుని వస్తాను, గుర్తుపెట్టుకో.

వదిన


ఇల్లు
జూన్

వదినా,

మీరు అని రాయడానికి ఇక చెయ్యి రావడం లేదు. నువ్వనే రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. గుంపును ఇంకో గైడుకు అప్పజెప్పి ఇంటికి పరిగెత్తాను. ఒక చీపురు, ఒక చెంబెడు నీళ్ళు, అమ్మ కట్టుకున్న ఒక పాత చీర తీసుకున్నాను. నీ తమ్ముడు ఏమిటని అడగకుండా వెంట వచ్చాడు. ఉత్తరం గోడ చుట్టూ తిరిగి, ముళ్ళ కంపలు దాటుకుని, బురుజు కిందికి వెళ్ళాం. తొట్టి ఉంది. ఎడమ పక్కన చోటు ఊడ్చాను. నీళ్ళు చల్లాను. చీర పరిచాను. మోకాళ్ళ మీద కూర్చుని "నాన్నా" అని పిలిచాను. ఆ మాట ఎదురుగా ఎవరో ఉన్నట్టు అనడం నాకు అదే మొదటిసారి.

చెయ్యి నేలకు ఆనించాక తెలిసింది. అది మట్టి కాదు. బండ. ఆ చుట్టుపక్కలంతా ఒకటే బండ, గడ్డి కూడా మొలవదు. కోట కట్టేటప్పుడు రాజు రాళ్ళు కొట్టించిన చోటది. నేనే టూరిస్టులకు పై నుంచి వేలు పెట్టి చూపించి చెప్తాను ఆ సంగతి. అక్కడ మనిషిని కాదు, ఎలుకను కూడా పూడ్చలేరు. నీ ఉత్తరంలో ఆ మాట చదవగానే అబద్ధమని తెలిసి ఉండాల్సింది నాకు. తెలియలేదు. చెంబు పట్టుకుని పిచ్చిదానిలా పరిగెత్తాను. నీ తమ్ముడు చీర మడతపెట్టి ఇచ్చాడు. తనూ ఏడ్చాడు.

ఆ అబద్ధం ఎవరిది? ఆయనదా, నీదా? మా అమ్మ చీర బండ మీద పరిపించారు. మీరు చేసిన వాటన్నిటిలోకీ ఇది నేను మరిచిపోను. ఆయనకు ఈ గుమ్మం లేదు. నీకూ లేదు. నీ తమ్ముడు కావాలంటే వచ్చి మీ మెట్ల మీద పడుకుంటాడు.


పరుపుల కొట్టు, పై వాటా
జూలై

అమ్మాయీ,

అబద్ధం నాది. మే నెలలో నీకు రాసేటప్పటికే నాకు నిజం తెలుసు. ఆ రోజు టిక్కెట్లతో పాటు ఇచ్చిన కోట పటం నా సంచిలో ఉంది. దాన్ని చూసి బురుజు, తొట్టి ఏరుకుని రాశాను. అక్కడ బండ ఉంటుందని పటంలో లేదు. నాన్నకు ఈ సంగతి తెలియదు. నీ ఉత్తరం వచ్చాక చదివి వినిపించాను. "నాన్నా" అని పిలిచావు చూడు, అక్కడికి వచ్చేసరికి "ఆపు" అన్నాడు. "ఇక దాచకు, రాసెయ్యి" అన్నాడు. ఎందుకు దాచానో నువ్వే చూడు. ఆయన నాతో చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఆ మనిషిని నేను పూడ్చలేదే. జ్వరాల్లో రోజూ పోతున్నారు. బండి మీద వేసి ఉత్తరం వాకిలి దాటించేవాళ్ళం. బతికున్నోళ్ళ లెక్కా నాదే, పోయినోళ్ళ లెక్కా నాదే. ఆ పిల్ల తండ్రి కూడా పడ్డాడు. గోడ పక్కన పడుకుని ఒకటే పాట, ఆవిడ కడుపుతో ఉంది, ఆవిడ కడుపుతో ఉంది అని. మీ అమ్మ అప్పుడు తమ్ముడితో కడుపుతో ఉంది. వినలేక చచ్చాను. ఓ రోజు అతన్ని పోయినోళ్ళతో పాటు బండెక్కించాను. ఆ లెక్కలో కలిపి చెప్పాను. దిబ్బ దగ్గర దింపి, నా చొక్కా తొడిగి, ఇంటికి పో అన్నాను. పాక్కుంటూ వెళ్ళాడు. నేను లెక్క తప్పు చెప్పింది ఆ ఒక్కసారే."

అందుకే మీ ఇంటికి చావు కబురొచ్చింది. అందుకే మనిషిని ఇవ్వలేదు. ఇవ్వడానికి మనిషి లేడు.

"మరి ఇంటికి వెళ్ళలేదేం నాన్నా?" అన్నాను. చెప్పాడు. జైలు మూసేశాక వేరే ఊళ్ళో, బజార్లో, గొడుగులు బాగుచేసే మనిషి ఎదురయ్యాడట. పక్కన ఒకావిడ, ఒక చిన్న పిల్ల. నాన్నను చూడగానే ఆ మనిషి చేతిలో గొడుగు వదిలేసి, నడిబజార్లో, గొంతుక్కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టేశాడట. ఆ పిల్ల తన తండ్రి ఏదో ఆట ఆడుతున్నాడనుకుని పక్కనే తనూ అలాగే కూర్చుందట. మా నాన్న ఇది చెబుతూ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ మనిషిని లేపి, ఇంటికి వెళ్ళావా అని అడిగాడట. "వెళ్తే పట్టుకుంటారని భయపడ్డాను. ఆ భయం పోయేసరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు" అన్నాడట. అంతే. మా నాన్న తిరిగి చూడకుండా వచ్చేశాడు.

తమ్ముడు నిన్ను చేసుకుంటానన్నప్పుడు మీ నాన్న పేరు, మిల్లు పేరు విని అమ్మా నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. కాదంటే ఎందుకో చెప్పాలి, అవునంటే జన్మంతా నోరు కట్టుకోవాలి. నోరు కట్టుకున్నారు. "ఆ పిల్లకి తండ్రి లేడు, పోనీ గొప్పగా పోయిన తండ్రైనా ఉండనీ" అన్నాడు నాన్న. కోట మెట్టెక్కనిది కూడా అందుకే. నేను బలవంతాన ఎక్కించాను.

ఇదంతా రాసి మా నాన్నను దేవుణ్ణి చేద్దామని కాదు. తాళంతో కొట్టింది నిజమేనన్నాడు. మంగలి నెత్తి మీద మచ్చ నేను పెట్టిందేనన్నాడు. ఎందుకు కొట్టావంటే "అందరూ కొట్టేవాళ్ళు" అన్నాడు. అది విని నేను ఆ పూట ఆయనకు అన్నం పెట్టి పక్కన కూర్చోలేదు.

నీ మీద ప్రేమతో దాచాననుకోకు. నిన్ను ఏడిపించాలని నాకు చాలాసార్లు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఈ రకంగా కాదు. చీర సంగతికి మాత్రం నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను.

ఆ ఊరి పేరు నాన్న చెప్పాడు. ఆ మనిషి ఇప్పుడు ఉండకపోవచ్చు. ఆ పిల్ల ఉంటుంది. నువ్వడిగితే రాస్తాను. అడక్కపోతే రాయను.

వదిన


ఇల్లు
ఆగస్టు

వదినా,

ఇన్ని రోజులు జవాబు రాయలేదని మీ తమ్ముడితో అన్నారట. ఏం రాయమంటారు? మీ ఉత్తరం అబద్ధమని రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. బండ మీదికి పంపించిన మనిషి మాట మళ్ళీ ఎందుకు నమ్మాలని తిట్టుకున్నాను. కానీ అబద్ధం చెప్పేవాళ్ళు ఇంత చేదుగా చెప్పరు. నాకు నచ్చేదే చెప్పేవాళ్ళు.

మా అమ్మ మిల్లు వాకిట్లో ఊడ్చి నన్ను పెంచింది. మిగిలిన పూట ఇళ్ళలో అంట్లు తోమింది. మళ్ళీ పెళ్ళి చేసుకోమంటే, ఆయన జైల్లో నా పేరు తలుచుకుంటూ పోయుంటాడు, ఇంకొకడి పక్కన ఎలా కూర్చోను అంది. తలుచుకున్నాడు, నిజమే. తలుచుకుని, మీ నాన్నకు జాలి పుట్టించి, బయటపడ్డాడు. నేను కడుపులో ఉన్నానని చెప్పి బయటపడ్డాడు వదినా. నా పేరు చెప్పుకుని బయటపడి నా దగ్గరికి రాలేదు. మీ నాన్న కొట్టిన దెబ్బలకు ఆయన్ని నిలబెట్టి అడగొచ్చు. మా నాన్నను ఎవరు నిలబెడతారు?

మామగారిని పంపించండి. గది కడిగాను. మెట్ల మీద ఆయన పడితే అది కూడా నా లెక్కలో వెయ్యడానికి మీరు సిద్ధంగా ఉన్నారు, ఆ అవకాశం మీకివ్వను. అన్నం పెడతాను. మందులిస్తాను. ఆయనతో మాట్లాడతానని మాత్రం ఆశ పెట్టుకోకండి. మంగలి తాత ఒకసారి వచ్చి చూస్తానన్నాడు. వస్తే తలుపు తీస్తాను, కుర్చీ వేస్తాను, అవతలికి వెళ్ళిపోతాను. అది వాళ్ళిద్దరి సంగతి.

నిన్న ముంగిట్లో ఒకావిడ అడిగింది, "ఆ సమ్మె ఖైదీ చివరికి ఏమయ్యాడమ్మా?" అని. చచ్చిపోయాడు అన్నాను. ఇన్నేళ్ళుగా ఆ మాట దగ్గర నా గొంతు దానంతటదే వణికేది, మీరు అనుకున్నట్టు నేను వణికించేదాన్ని కాదు. నిన్న వణకలేదు. ఆవిడ ఇంకా ఏదో వింటానన్నట్టు నిలబడింది. పదండి, తర్వాతి గది చూద్దాం అన్నాను.

ఊరి పేరు రాయకండి. రాశారంటే మర్నాడే బస్సెక్కుతాను. ఆ అమ్మాయి తలుపు తీస్తుంది. "మీ నాన్న ఎలాంటివాడు" అని ఆమెను అడగకుండా ఉండలేను. చాలా మంచివాడు అంటుంది. నేనది తట్టుకోలేను.

మీ మరదలు